ఆడకుండానే తీర్పా నాన్నా?

శనివారం పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని ఆయన ముందుగా తిప్పేది సినిమా సమీక్ష ఉన్న పేజీ. ఫస్టాఫ్ ఎలా ఉంది, సెకండాఫ్ సాగదీశారా, పాటలు కథకి అడ్డొచ్చాయా... అంతా చదువుతారు. అయినా సాయంత్రం హాలుకెళ్లి స్వయంగా చూసొచ్చి, 'వాళ్లు రెండున్నర ఇచ్చారుగానీ మూడివ్వొచ్చు' అని తేల్చితేగానీ నిద్రపట్టదు. విజయవాడలో బ్యాంకు ఉద్యోగం. ఇరవై రెండేళ్లుగా కౌంటర్లో కూర్చుని సంతకాలు సరిచూస్తున్న కళ్లు. తన తీర్పుకి తిరుగులేదని గట్టి నమ్మకం.

అలాంటి మనిషి ఆ శనివారం పేపరు ముట్టుకోలేదు. ఫోన్లో మెసేజీలు చూస్తూ ఉండిపోయారు. తన ఖాతాలోంచి ఎనిమిదిసార్లు, మూడొందల చొప్పున 2400 రూపాయలు పోయాయి. దొంగ ఎవరో కాదు, తొమ్మిదో తరగతి చదువుతున్న కొడుకే. తుపాకులతో కాల్చుకునే ఓ ఫోన్ గేములో డబ్బు కట్టాడట.

ఇక ఇల్లు దద్దరిల్లింది. 'వీడియో గేములన్నీ దరిద్రమే. అన్నీ ఒకటే! రేపట్నుంచి ఫోనూ లేదు, కంప్యూటరూ లేదు' అంటూ తండ్రి తీర్పు చెప్పేశారు. పిల్లాడు చాలాసేపు తలొంచుకునే ఉన్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

'చెప్పకుండా డబ్బులు తీయడం నాదే తప్పు నాన్నా. కానీ గేములన్నీ ఒకటే అని ఎలా అంటావ్? వాటిని నువ్వు ఆడలేదుగా. చూడని సినిమాకి ఎప్పుడైనా మార్కులేశావా?'

చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది ఆ మాట.

ఆ పెద్దాయన ఒప్పుకున్నాడు

సినిమా పిచ్చి ఉన్నవాళ్లకి రోజర్ ఈబర్ట్ పేరు కొత్తకాదు. అమెరికాలో షికాగో సన్-టైమ్స్ పత్రికకి దశాబ్దాలపాటు సినిమా సమీక్షలు రాశారు. 1975లో పులిట్జర్ బహుమతి అందుకున్నారు. సినిమా విమర్శకుడికి ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి. అంతటి మనిషి 2010 ఏప్రిల్‌లో 'వీడియో గేములు ఎప్పటికీ కళ కాలేవు' అని రాసేశారు. వేలమంది పాఠకులు మీదపడ్డారు. వాళ్లు అడిగిందీ ఆ పిల్లాడు అడిగిందే... 'మీరు ఆడారా?'

మూడు నెలలు తిరక్కుండా, అదే ఏడాది జులైలో ఈబర్ట్ మళ్లీ కలం పట్టారు. తన అభిప్రాయం మారలేదన్నారు. కానీ, సరైన పరిచయం లేకుండా గేముల గురించి తీర్పు చెప్పడం తెలివితక్కువ పని అని ఒప్పుకున్నారు. అభిప్రాయం వేరు, అర్హత వేరు అని తెలుసుకున్నవాడే అసలైన విమర్శకుడు మరి! 2012లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ 14 వీడియో గేముల్ని తన సేకరణలో చేర్చుకుంది. ప్యాక్‌మ్యాన్, టెట్రిస్ వాటిలో ఉన్నాయి. కళా కాదా అన్న గొడవ ఇంకా తెగలేదు. అయితే వాటిని చూసి, ఆడి, తూకం వేయాలన్న విషయంలో మాత్రం ఇప్పుడు ఎవరికీ పేచీ లేదు.

ఆ రాత్రి ఈబర్ట్ సంగతి ఫోన్లో వెతుక్కుని చదివిన బ్యాంకు ఉద్యోగి మర్నాడు కొడుకుతో ఓ ఒప్పందం చేసుకున్నారు. 2400 రూపాయలూ పాకెట్ మనీలోంచి నెలకింత చొప్పున తీర్చాలి. తుపాకుల ఆట బందు. కానీ ప్రతి ఆదివారం ఓ గంట, ఇద్దరూ కలిసి ఒక గేమ్ ఆడాలి. ఆడాక ఇద్దరూ విడివిడిగా సమీక్ష రాయాలి. అందుకు పాత డైరీ ఒకటి తీసి, బ్యాంకు అలవాటు కొద్దీ నాలుగు గడులు గీశారు. ఆట బాగుందా? న్యాయంగా ఉందా? మననుంచి ఏం తీసుకుంటోంది? లేచి వెళ్తామంటే వెళ్లనిస్తోందా?

నాలుగో గడి నాయనమ్మ సలహా. 'మా రోజుల్లో చీకటిపడితే ఆటే ఆగిపోయేదిరా. మీ ఆటలకి చీకటే పడదు' అందావిడ.

చచ్చిపోతే తప్పెవరిది?

మొదటి ఆదివారమే తండ్రి గుట్టు రట్టయింది. సూపర్ మారియో తెరమీద కనపడగానే ఆయన వేళ్లు వాటంతటవే కదిలాయి. తొంభైల్లో టీవీకి తగిలించే గేములు అద్దెకిచ్చే కొట్లో, గంటకి ఐదు రూపాయలిచ్చి క్యాసెట్లు మార్చి మార్చి ఆడిన రోజులున్నాయి మరి! 'అయితే నువ్వూ ఆడావన్నమాట' అని కొడుకు కళ్లెగరేశాడు. ఆయన దగ్గాడు.

జపాన్‌కి చెందిన షిగెరు మియమోటో బృందం 1985లో తెచ్చిన ఈ ఆటని విమర్శకులు ఇప్పటికీ పాఠంలా చెప్పుకుంటారు. కారణం దాని మొదటి తెర. ఎక్కడా ఒక్క మాట రాసుండదు. మారియో ఎడమవైపు నిలబడి ఉంటాడు, కుడివైపంతా ఖాళీ. అంటే అటు వెళ్లాలి. కాస్త ముందుకెళ్లగానే పుట్టగొడుగులాంటి జీవి ఎదురొస్తుంది. తగిలితే ప్రాణం పోతుంది. రెండోసారి ఎగురుతాం. అంతే, పాఠం వచ్చేసింది! చెప్పకుండానే నేర్పడమన్నమాట.

దూకే ఆటలకి విమర్శకులు వాడే గీటురాయి ఒకటుంది. ఓడిపోయినప్పుడు 'తప్పు నాదే' అనిపించిందా, 'మోసం' అనిపించిందా? మొదటిదైతే మంచి ఆట. మీట నొక్కినా మనిషి ఎగరకపోతే, కనపడని గోతిలో పడేస్తే... ఎన్ని రంగులు పూసినా అది చెడ్డ ఆటే. డైరీలో మారియోకి న్యాయం గడిలో ఇద్దరూ పదికి పది వేశారు. ఇద్దరి మార్కులూ కలిసింది ఆ ఒక్కసారే!

అష్టాచెమ్మా సూత్రం

పజిల్ ఆటల దగ్గరికొచ్చేసరికి నాయనమ్మ కూడా చాప లాక్కుని కూర్చుంది. ఆవిడ లెక్కలో ఆటలు మూడు రకాలు. వైకుంఠపాళిలో అంతా అదృష్టమే. నిచ్చెన ఎక్కినా పాము మింగినా మన ప్రమేయం లేదు. పులి-మేక పూర్తిగా తెలివి. అష్టాచెమ్మా రెండూ కలిసింది. గవ్వలు ఎలా పడతాయన్నది అదృష్టం, ఏ కాయ జరపాలన్నది తెలివి. పెద్ద పెద్ద విమర్శకులు పేజీలకు పేజీలు రాసేదీ దీని గురించే. ఆటలో మన నిర్ణయానికి విలువెంత?

ఆ లెక్కన టెట్రిస్ అచ్చం అష్టాచెమ్మానే. ఏ ముక్క రాలుతుందో మన చేతిలో లేదు, ఎక్కడ పెట్టాలో మనిష్టం. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ అనే కంప్యూటర్ ఇంజినీరు తయారుచేశాడు. ఉన్నవి ఏడే ఆకారాలు. నేర్చుకోవడానికి నిమిషం చాలు. మన ఊళ్ల తిరునాళ్లలో అమ్మిన బ్రిక్ గేమ్ దాని నకలే. కథ లేదు, బొమ్మల్లేవు, ముగింపూ లేదు. 2023 డిసెంబరులో అమెరికాలో ఓ పదమూడేళ్ల కుర్రాడు పాత నింటెండో యంత్రంమీద ఆడుతూ ఆడుతూ 157వ లెవెల్‌కి చేరితే, ఇక తట్టుకోలేక ఆటే బిగుసుకుపోయింది! ఆ యంత్రంమీద ఓ మనిషి దాన్ని ఆ స్థితికి తీసుకెళ్లడం అదే మొదలు.

సైన్యాలతో ఆడే వ్యూహాల ఆటలకి తూకం వేరు. 1999లో వచ్చిన ఏజ్ ఆఫ్ ఎంపైర్స్-2 ఇవాళ్టికీ ఆడుతున్నారంటే కారణం యుద్ధం కాదు, లెక్కలు. తిండి, కట్టె, బంగారం, రాయి- ఈ నాలుగూ సమకూర్చుకోకుండా కత్తి పట్టినవాడు పది నిమిషాల్లో మట్టికరుస్తాడు. 2022లో చేర్చిన భారతదేశపు అధ్యాయంలో రాజేంద్ర చోళుడి దండయాత్రలూ ఉన్నాయి. 'సైన్యాన్ని పెంచావుగానీ పొలాలు వేయలేదేం నాన్నా' అని కొడుకు అడిగితే, ఇరవై రెండేళ్లు లెక్కలు చూసినాయన నోరు పెగల్లేదు.

క్రికెట్ ఆటలది ఇంకో కథ. 2006లో వచ్చిన క్రికెట్ 07 తర్వాత దాన్ని తీసిన ఈఏ సంస్థ కంప్యూటర్లకి మరో క్రికెట్ గేమ్ తేలేదు. అయినా మన దేశంలో అభిమానులే కొత్త జట్లూ జెర్సీలూ చేర్చుకుంటూ దాన్ని బతికించారు. క్రీడల ఆటలో విమర్శకులు చూసేది బొమ్మ ఎంత అందంగా ఉందని కాదు. బంతి బ్యాటుకి తగిలినప్పుడు నిజంగా తగిలినట్టుందా, ఒకే షాట్ పట్టుకుని గెలిచేయొచ్చా అని. కొడుకు రాసింది చూడండి. 'ఫీల్డింగ్ బొత్తిగా బాగాలేదు. అయినా నాన్న ఔటైనప్పుడు చాలా బాగుంది.'

కౌంటర్‌కి అటూ ఇటూ

అసలు దెబ్బ ఐదో ఆదివారం తగిలింది.

పేపర్స్, ప్లీజ్. 2013లో లూకస్ పోప్ అనే ఒక్క మనిషి తయారుచేసిన ఆట. 2022లో ఫోన్లలోకీ వచ్చింది. ఒకసారి కొంటే చాలు, ఆ తర్వాత పైసా అడగదు. ఇందులో తుపాకీ పట్టుకుని పరుగెత్తేదేమీ ఉండదు. ఆర్స్‌టోట్‌స్కా అనే ఓ ఊహాదేశపు సరిహద్దులో మనం గుమస్తా. వచ్చినవాళ్ల పాస్‌పోర్టు తీసుకుని పేరు, తేదీ, ఫొటో, ముద్ర సరిచూసి లోపలికి పంపడమో వెనక్కి పంపడమో చేయాలి. సరిగ్గా చూసిన ప్రతి మనిషికీ ఇంత కూలి. తప్పులు పెరిగితే జరిమానా. ఆ వచ్చినదాంతోనే ఇంటద్దె, తిండి, మందులు, చలికాచుకునే ఖర్చు.

'ఇదేం ఆటరా, మా ఆఫీసు పనే కదా' అని ఆయన నవ్వారు. నిజంగానే చకచకా ఆడేశారు. ఒక్క పొరపాటు లేదు. ఇంతలో ఓ మనిషి వచ్చాడు. కాగితాలన్నీ సక్రమం. వెళ్తూ వెళ్తూ, వెనకాల తన భార్య ఉందని, కాస్త దయచూడమని చెప్పాడు. తర్వాత ఆమె వచ్చింది. ఆమె దగ్గర ప్రవేశ అనుమతి కాగితం లేదు. వెనక్కి వెళ్తే బతకనివ్వరని ప్రాధేయపడింది.

ఆయన వేలు ముద్రమీద ఆగిపోయింది. పంపిస్తే తప్పు నమోదవుతుంది. పంపకపోతే రూలు ప్రకారం పని చేసినట్టే. ఎదురుగా ఉన్నది గీతల బొమ్మ, మనిషి కూడా కాదు. అయినా నిమిషం గడిచింది.

'మొన్న సోమవారం...' అన్నారు తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు. 'ఓ ముసలావిడ పింఛను కోసం వచ్చింది. చెయ్యి వణికి సంతకం కలవలేదు. వెనక్కి పంపేశాను. ఆటోకి ఎంతయిందో, మళ్లీ వచ్చిందో లేదో కూడా చూడలేదు.'

పిల్లాడికి ఏమనాలో తెలియలేదు. ఆట ఆగి ఉంది. కాసేపయ్యాక ఆయన ఆమెని లోపలికి పంపారు. తప్పు నమోదైన చీటీ టకటకా బయటికొచ్చింది. డైరీలో 'బాగుందా' అన్న గడిలో ఆయన మార్కులు వేయలేదు. 'బాగోలేదు. కానీ మర్చిపోలేను' అని రాశారు.

ఈ రకం ఆటల్ని విమర్శకులు సరదా అనే కొలతతో కొలవరు. విషాదాంత సినిమాకి నవ్వు రాలేదని మార్కులు కోస్తామా? ఇదీ అంతే. పోలండ్‌లో తయారైన దిస్ వార్ ఆఫ్ మైన్ కూడా అలాంటిదే. అందులో మనం సైనికులం కాదు, యుద్ధం మధ్య చిక్కుకున్న మామూలు జనం. తిండికోసం పక్కింటి ముసలివాళ్లని దోచుకోవాలా వద్దా అన్నది ప్రశ్న. 2020లో పోలండ్ ప్రభుత్వం దాన్ని హైస్కూలు విద్యార్థులు చదవదగ్గ, ఆడదగ్గ వాటి జాబితాలో చేర్చింది. సినిమాకి సెన్సార్ సర్టిఫికెట్ చూసినట్టే, వయసు సూచన చూసుకున్నాకే ఇలాంటివి పిల్లల ముందు పెట్టాలి.

వాళ్లూ బోల్తాపడతారు

మరి విమర్శకులు చెప్పిందల్లా వేదమా? కాదు. సైబర్‌పంక్ 2077 సంగతే తీసుకోండి. 2020 డిసెంబరులో విడుదలకి ముందు పత్రికలకి కంప్యూటర్‌మీద ఆడే వెర్షన్ మాత్రమే ఇచ్చారు. సమీక్షల్లో మార్కులు కుమ్మరించారు. తీరా పాత ప్లేస్టేషన్ ఉన్నవాళ్లు కొని ఆడితే బొమ్మలు కదలవు, మనుషులు గాల్లో తేలతారు! గొడవ ముదిరి, సోనీ సంస్థ తన దుకాణంలోంచి ఆ గేమునే తీసేసి, కొన్నవాళ్లకి డబ్బు వెనక్కివ్వాల్సొచ్చింది. 2021 జూన్‌దాకా అది తిరిగి రాలేదు. తర్వాత మరమ్మతులు చేసీ చేసీ చివరికి మంచి పేరే తెచ్చుకున్నారు.

సమీక్ష చదివేటప్పుడు మార్కులకన్నా ముందు చూడాల్సింది అదే. ఏ యంత్రంమీద ఆడారు, పూర్తిగా ఆడారా, అమ్మేవాళ్లు ఏం చూపించారు, ఏం దాచారు? పుణెలో తయారై 2020లో వచ్చిన మన దేశపు గేమ్ రాజీ విషయంలో విమర్శకులు ఈ పని చక్కగా చేశారు. పురాణాల నేపథ్యాన్నీ చిత్రకళనీ మెచ్చుకున్నారు. పోరాటాలు పదే పదే ఒకేలా ఉన్నాయనీ కథ అర్ధంతరంగా ఆగిందనీ చెప్పారు. మనదని నెత్తిన పెట్టుకోలేదు, చిన్న సంస్థని చులకన చేయలేదు.

ఆటా? అంగడా?

చివరికి అందరూ తప్పించుకు తిరుగుతున్న ఆట వంతు వచ్చింది. తుపాకుల ఆట. 2400 రూపాయలు మింగిన ఆట. 'ఆడొద్దు. ముందు సమీక్ష రాయి' అన్నారు తండ్రి. కొడుకు రెండు రోజులు తీసుకుని పేజీన్నర రాశాడు.

గురి కుదిరినప్పుడు భలే ఉంటుందని రాశాడు. నలుగురూ మాట్లాడుకుంటూ ఒకరినొకరు కాపాడుకోవడం బాగుంటుందని రాశాడు. కింద ఇంకో వాక్యం ఉంది. స్కూల్లో తన పక్కన కూర్చునే స్నేహితుడు విశాఖపట్నం వెళ్లిపోయాక వాణ్ని కలిసేది ఆ ఆటలోనేనట. ఆ మాట తండ్రికి తెలియదు. అడగనూలేదు. తర్వాత డబ్బు సంగతి. ఊరికే వచ్చే చొక్కాతో ఆడితే జట్టులో మిగతావాళ్లు బిచ్చగాడని ఏడిపించేవారట. మంచి చొక్కా కావాలంటే మూడొందలు పెట్టి పెట్టె తెరవాలి. అందులో ఏముంటుందో ముందు తెలీదు. ఎనిమిదిసార్లు తెరిచాడు. కావాల్సింది రాలేదు.

చివర్లో ఇలా రాశాడు. 'మొదట్లో ఆట కోసం పెట్టె. తర్వాత పెట్టె కోసం ఆట. న్యాయం: పదికి 2. లేచి వెళ్లనిస్తుందా: 0.'

ప్రపంచమంతటా విమర్శకులు మొత్తుకుంటున్నదీ ఇదే. 2017లో స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్-2 ఈ పెట్టెలతో వస్తే ఆటగాళ్లూ విమర్శకులూ ఏకమై నిలదీశారు. విడుదల ముంగిట్లో ఈఏ సంస్థ డబ్బు పెట్టి కొనే ఏర్పాటుని ఆపేయాల్సి వచ్చింది. 2018లో బెల్జియం అధికారులు ఇలాంటి పెట్టెలు కొన్ని జూదం కిందికే వస్తాయని తేల్చారు. మన దగ్గర ఆన్‌లైన్లో డబ్బు పెట్టి డబ్బు గెలిచే ఆటల్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. కానీ ఆటలో చొక్కాలూ రంగులూ కొనడం వేరే సంగతి. అక్కడ చట్టంకన్నా ముందు కళ్లు తెరవాల్సింది ఇంట్లోవాళ్లే.

మితిమీరితే అది సమీక్షకి లొంగే విషయం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో గేమింగ్ డిజార్డర్‌ని జబ్బుల జాబితాలో చేర్చింది. ఆటమీద అదుపు తప్పడం, మిగతా పనులన్నిటికన్నా ఆటే ముఖ్యం కావడం, నష్టం జరుగుతున్నా మానలేకపోవడం... సాధారణంగా ఏడాదిపాటు ఇలాగే సాగి, చదువో ఉద్యోగమో కుటుంబమో బాగా దెబ్బతింటే అప్పుడు దాన్ని జబ్బుగా లెక్కిస్తారు. అప్పుడు వెళ్లాల్సింది డాక్టరు దగ్గరికే. గంటసేపు ఆడిన ప్రతి పిల్లాడూ రోగి కాదు.

ఆ సమీక్ష చదివి తండ్రి చేసిన పని ఒకటే. 'ఈ ఆదివారం మీవాణ్ని ఫోన్లోకి పిలువు. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ ముగ్గురం ఆడదాం' అన్నారు. బాకీ మాత్రం తగ్గించలేదు. ఇంకా 1600 ఉంది.

ఆ వారం డైరీ వంటింట్లోకీ వెళ్లింది. రంగురంగుల మిఠాయిలు జతచేసే ఆట, క్యాండీ క్రష్. 2012 నుంచి కోట్లమందిని కట్టిపడేసిన దాంట్లో ఐదు ప్రాణాలు అయిపోతే అరగంటకి ఒకటి చొప్పున తిరిగొస్తాయి. ఆగలేకపోతే డబ్బు కట్టాలి. 'పప్పు ఉడికేలోపు కాసేపు ఆడుకుంటాను, నాకూ మార్కులేనా?' అంటూ ఆవిడ నవ్వుతూ ఫోన్ దాచేసింది. కొడుకు ఊరుకోలేదు. నాలుగో గడి చూపించాడు. లేచి వెళ్లనిస్తుందా?

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, 'పప్పు మాడిందంటే వెళ్లనివ్వలేదనే కదా. మూడు వేసుకో' అంది.